కొత్త తానుకు పాత వేషం

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జూలై మొదటి వారంలో, నంద్యాలలోని మా శిక్షణ కార్యాలయం నన్ను అరవై రోజుల డెప్యుటేషన్ మీద ఆళ్లగడ్డకు పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్, కుట్టుపని విభాగం. ఉత్తర్వులో ఆ పనికి పెట్టిన పేరు 'పాత వస్త్రాల పునర్వినియోగ నైపుణ్య శిక్షణ'. చదివి నవ్వుకున్నాను. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే కాళ్ళు తుడుచుకునే పట్టా, అదీ చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఇలా బతికే ఆడవాళ్ళకు పాతగుడ్డ పారెయ్యకూడదని చెప్పడానికి నన్ను బస్సెక్కించారు.

ఒక అద్దె హాలు, ఇరవై మంది ఆడవాళ్ళు, ఇరవై తొక్కుడు మిషన్లు. చివర్లో పరీక్ష. నూటికి అరవై మార్కులు తెచ్చుకున్నవాళ్ళు తాము కుట్టిన మిషన్‌ను ఇంటికి తీసుకుపోవచ్చు. సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరి కళ్ళూ మిషన్ల మీదే.

వాళ్ళలో సువార్తమ్మ ఒకతె. నలభై ఐదు దాటిన మనిషి. మిరపచేలల్లో కూలికి పోయేది, నడుము పట్టేశాక మానేసింది. చేత్తో బొంతలు కుట్టి వాడలో ఇస్తుండేది గాని, ఒక్కో బొంతకు పదిరోజులు పట్టేది. పేర్లు రాసుకునేటప్పుడే తేల్చి చెప్పింది: "నాకు మిషన్ గావాల మేడమ్. చేనికి ఇంగ పోలేను. మిషనుంటే ఇంట్లో కూసోని నాలుగు మెతుకులు తింటా."

మొదటి పాఠం ప్యాంటుతో సంచి కుట్టడం. ఇరవై ఆరేళ్ళుగా నేను నేర్పింది కొత్తగుడ్డ మీద. తానును రెండు మడతలు వేసి, పైన పేపర్ నమూనా పెట్టి, సుద్దతో గీసి, రెండు పొరలూ ఒకేసారి కత్తిరించాలి. గుడ్డా కాలమూ రెండూ మిగులుతాయి. పాత ప్యాంటు కాళ్ళనూ అలాగే మడిచి కత్తెర పెట్టబోయాను. సువార్తమ్మ ఉండబట్టలేకపోయింది.

"పాతగుడ్డను మడిచి కోస్తారా యాడన్నా? ఎలుతురుకు పట్టి సూడల్ల గదా మేడమ్."

సర్టిఫికెట్ ఎవరికుంది, నీకా నాకా అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె తలొంచుకుని నేను చెప్పినట్టే కత్తిరించింది. మూడో రోజుకు, కందిపప్పు పోసి ఎత్తిచూస్తే, ఇరవై సంచుల్లో పద్నాలుగు అడుగున నోరు తెరిచాయి. మడిచి కత్తిరిస్తే ఒక పొర గట్టిది, రెండోది మోకాలి దగ్గర అరిగిపోయినది. కొత్తగుడ్డ అంతటా ఒకటే బలం. పాతగుడ్డ ఏ జాగాకు ఆ జాగా వేరు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నా బోటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

ఆ తర్వాత సువార్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకున్నాను. చీరలో లోపలి చుట్టు గట్టిది, కూర్చునే చోటు బలహీనం. ప్యాంటులో మోకాళ్ళు పోతాయి గాని పిక్కల దగ్గర గుడ్డ చెక్కుచెదరదు. బొంతకు బలమైనది పైకీ కిందికీ, చిల్లులు పడింది మధ్యకు. అన్నిటికంటే ముఖ్యం కుట్టు దూరం. మేము నేర్పే నియమం అంగుళానికి పది నుంచి పన్నెండు కుట్లు. నలిగిన గుడ్డ మీద అంత దగ్గరగా సూది దింపితే ప్రతి పోటూ ఒక చిల్లే. బరువు పడగానే తపాలా బిళ్ళ చింపినట్టు కుట్టు వెంబడే చిరుగుతుంది. పాతగుడ్డకు ఆరేడు కుట్లు చాలు. మిషన్ పక్కనుండే మీటను ఒక గీత కిందికి దించుకుంటే సరి. మర్నాడు ఇదంతా నల్లబల్ల మీద నా సొంత తెలివిలాగా రాసి, ఇకనుంచి ఇదే పద్ధతి అని క్లాసుకు ప్రకటించాను. సువార్తమ్మ కూడా అందరితో పాటు నోటుబుక్కులో రాసుకుంది.

ఏడో వారంలో నంద్యాల నుంచి మా సహాయ సంచాలకుడు వచ్చాడు. హోదా ఏడీ. మిషన్‌కు దారం ఎక్కించమంటే దిక్కులు చూసే మనిషి గాని, ఫొటోలో ఎక్కడ నిలబడాలో బాగా తెలుసు. సంచులు చూసి ముక్కు చిట్లించాడు. నంద్యాలలో ప్రదర్శన ఉందనీ, పెద్ద అధికారులు వస్తారనీ, ఈ మాసిన రంగులు ఫొటోలో బాగుండవనీ అన్నాడు. రెండు రోజుల్లో జీపులో నాలుగు తాన్ల కొత్తగుడ్డ దిగింది. దాన్నే పాతగుడ్డలా చెయ్యాలట. బ్లీచింగ్ పౌడర్ కలిపిన తొట్టిలో నానబెట్టి, బండకేసి రుద్ది, రంగు వెలిసేదాకా ఎండబెట్టమన్నాడు. పాతబట్టలకు కరువొచ్చిన ఊరా ఇది? ఇరవై మంది ఆడవాళ్ళు తమ ఇళ్ళనుంచి తెచ్చిన పాతచీరల మూటలు గోడవారకు నెట్టి, కొంగులు బిగించి, రెండు రోజులు కొత్తగుడ్డను పాతగుడ్డ చేశారు.

"ఏందీ యవ్వారం? కొత్తదాన్ని కొట్టి సంపుతాండామే," అని ఒకతె పకపకా నవ్వింది. నేను కసురుకున్నాను. నవ్వాల్సింది నేనే, కాని ఏడీ వరండాలో ఉన్నాడు.

పరీక్షలో సంచి కుట్టడానికీ అదే గుడ్డ ఇచ్చారు. బయటి పరీక్షకుడు ఏడీ, లోపలి పరీక్షకురాలిని నేను. మార్కుల పట్టిక మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. నా సంతకం పక్కన 'రిమార్కులు' అని ఒక గడి ఉంటుంది. మార్కుల మీద అభ్యంతరం ఉంటే లోపలి పరీక్షకులు అందులో రాయాలి. రాస్తే పైఅధికారి మళ్ళీ పరీక్ష పెట్టించాలి. నియమం అది.

పంతొమ్మిది మంది, కొత్తగుడ్డే కదా అని, ఏడీ ముందు నియమం ప్రకారం పన్నెండు కుట్లు వేశారు. సువార్తమ్మ తనకిచ్చిన ముక్కను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది, రెండు వేళ్ళతో లాగి చూసింది, మీట కిందికి దించి ఏడు కుట్లతో కుట్టింది. పిడుల దగ్గర అదనంగా రెండో పొర వేసింది. ఆమె లెక్క తప్పలేదు. బ్లీచింగ్ మందు ఆ గుడ్డను తినేసింది, కొత్తగుడ్డ అన్నది పేరుకే. ఏడీ స్కేలు పెట్టి కుట్లు లెక్కపెట్టి, ఆ అంశానికి సున్నా వేశాడు. అదనపు పొర నమూనాలో లేదని మరికొన్ని కోశాడు. మొత్తం యాభై రెండు.

పట్టిక నా ముందుకొచ్చింది. నా పెన్షన్ కాగితాలు ఆయన బల్ల మీదుగా పోవాలి. గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.

సాయంత్రం సువార్తమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు.

"నాది యాడ తప్పు పోయింది మేడమ్? మీరు సెప్పిందే గదా ఏసినా. నలిగిన గుడ్డకు ఏడు కుట్లని బుక్కులో గూడా రాసుకుంటి."

నియమం నియమమే, వచ్చేసారి చూద్దాం అన్నాను. వచ్చేసారి అనేది లేదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది.

నంద్యాల ప్రదర్శనలో ఒక పెద్ద అధికారి పరీక్షలో కుట్టిన సంచుల్లో ఒకటి ఎత్తి, అందులో నాలుగు ఫైళ్ళు వేసుకుని భుజానికి తగిలించుకున్నాడు. ఫొటో తీసేలోపే పిడి కుట్టు వెంబడి ఊడి ఫైళ్ళు నేలపాలయ్యాయి. మరో సంచి ఇచ్చారు, దానిదీ అదే గతి. ఏడీ ముఖం అప్పుడు చూసి తీరాల్సిందని అక్కడున్నవాళ్ళు చెప్పారు, నేను చూడలేదు. మూడో రోజున నాకు మెమో వచ్చింది, సంచులు ఎందుకు చిరిగాయో సంజాయిషీ ఇమ్మని.

జరిగింది జరిగినట్టు రాస్తే సరిపోయేది. బ్లీచింగ్ ఎవరు చెయ్యమన్నారో, ఆ గుడ్డకు సరైన కుట్టు వేసిన ఒకే ఒక మనిషి ఎందుకు తప్పిందో రెండు వాక్యాలు చాలు. పంతొమ్మిదీ ఇళ్ళకు పోయాక మిగిలిపోయిన ఒక్క మిషన్ ఇంకా హాల్లోనే ఉంది. మళ్ళీ పరీక్ష పెట్టడానికి గడువూ ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సరఫరా అయిన దారం నాసిరకం అని రాశాను. ఏడీకి ఆ జవాబు ఎంత నచ్చిందంటే, ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు.

వారం తర్వాత మిగిలిన మిషన్‌ను తీసుకుపోవడానికి నంద్యాల నుంచి జీపు వచ్చింది. ఆ రోజు సువార్తమ్మ తన పాతచీరల మూట తీసుకుపోవడానికి హాలుకు వచ్చింది. డ్రైవర్ మిషన్‌ను ఉత్తినే వెనకాల పెట్టడం చూసి, మూటలోంచి ఒక చీర చింపి, పీలికలు పేని, అది కదలకుండా నాలుగు వైపులా కట్టింది.

"గుంతల దావ గదన్నా. పదిలంగా తోలుకోనిపో," అంది డ్రైవర్‌తో. నా వైపు చూడలేదు.

మిషన్ తిరిగి అప్పగించినట్టు రసీదు మీద కూడా నేనే సంతకం పెట్టాను. పని రానివాడు వేసిన సున్నా వట్టి సున్నాయే. దాని కింద పని వచ్చినవాళ్ళ సంతకం పడితేనే అది చెల్లుతుంది. ఆళ్లగడ్డలో నేను నేర్చుకున్నది ఇదే.