రేడియో ముందే చెప్పిన గోలు

ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున బారు నడిపే ఒర్నెల్లా గాజు సీసాలన్నీ లోపల పెట్టేసి, బీరు ప్లాస్టిక్ గ్లాసుల్లోనే పోస్తుంది. జెనోవా స్టేడియం చుట్టుపక్కల బార్లన్నిటా జరిగేదే. బయటి ఊళ్ళ అభిమానులకు గోడవారన బల్ల చూపించి, వాళ్ళ జట్టు మఫ్లరు తానే తీసి, మడిచి, కౌంటరు కింద దాస్తుంది. నీది ఎవరి పక్షమని అడిగితే, "దాహం వేసినవాళ్ళ పక్షం" అంటుంది.

ఆ ఆదివారం వీతో అనే ముసలాయన ప్రత్యర్థి జట్టు ఊరైన లెచ్చే నుంచి రైల్లో వచ్చాడు. గొడవల భయంతో లెచ్చేవాళ్ళకు టికెట్లు అమ్మలేదు. ఆయనకు ఇక మ్యాచ్ అంటే ఈ బారే. చెవిలో రేడియో తీగ పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నవాడు, టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలో ఉండగానే ఎగిరి గంతేశాడు. టీవీ ఎప్పుడూ రేడియోకి కొన్ని క్షణాలు వెనకే. అందరూ ఆయన వైపు తిరిగారు. అప్పుడు తెర మీద లెచ్చే గోలు పడింది.

"ముందే చెప్పి మరీ చంపుతాడా? గెంటెయ్ అక్కా!" అన్నాడు రేవులో పనిచేసే జాకోమో.

వీతో వెళ్ళిపోవడానికి మఫ్లరు ఇమ్మని చెయ్యి చాచాడు.

"కూర్చో తాతా." ఒర్నెల్లా ఆ రేడియోకున్న తీగ పీకేసి, రేడియోను కౌంటరు మీద పెట్టి సౌండు గట్టిగా పెంచింది. టీవీ కట్టేసింది. "ఇక ఏడుపైనా నవ్వైనా అందరికీ ఒకేసారి."

"బొమ్మ లేకుండా మ్యాచేంటక్కా!"

"మీ నాన్న ఇక్కడ ఇలాగే విన్నాడు. నోర్మూసుకుని విను."

తలలన్నీ కౌంటరు దగ్గరకు చేరాయి. చివర్లో జెనోవా గోలు కొట్టిందని రేడియో అరవగానే, జాకోమో పక్కనున్న మనిషిని గట్టిగా వాటేసుకున్నాడు. ఆ మనిషి వీతో. ఏం చేయాలో తోచక, ముసలాయన అతని వీపు మెల్లగా నిమిరాడు.