అరమన మేడమీది చాళ్ళు

పుంగనూరు దాటి కుప్పం వైపు పోయే బస్సులో ఎడమపక్క కూర్చుంటే, ఒకచోట చింతచెట్ల పైన పెంకుల కప్పూ, దాని కింద వరసగా రంగుటద్దాల కిటికీలూ కనిపిస్తాయి. పాత జమీందార్ల మేడ అది, మా వైపు అరమన అంటారు. చిన్నప్పుడు బి.కొత్తకోట నుంచి బైరెడ్డిపల్లెలో ఉండే పెద్దమ్మ ఇంటికి పోయేటప్పుడల్లా నేను ఆ పక్క సీటు కోసం పేచీ పెట్టేదాన్ని. బస్సు అక్కడ మలుపు తిరుగుతుంది కాబట్టి ఆ కిటికీలు కాస్త ఎక్కువసేపు కనిపించేవి. ఒక్కటి కూడా తెరిచి ఉండగా చూడలేదు.

"ఆ పైన ఎవరుంటారుమా?" అని అడిగేదాన్ని.

"రాజులోళ్ళ ఆడోళ్ళు ఉండిరంట. ఇప్పుడెవురూ ల్యారు," అనేది అమ్మ.

"మరి కిటికీలు యాల మూసినారు?"

"ఎవురూ ల్యాకపోతే మూయకుండా ఏం సేస్తారు? గమ్మున కూసో."

ఆ జవాబు నాకు చాలలేదు. వేరుశనక్కాయలు, టమోటాలు తప్ప వేరే ధ్యాస లేని ఇంట్లో పెరిగినదాన్ని. మా ఇంటి తలుపు పగలంతా తీసే ఉండేది, ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చోవచ్చు. మూసిన గదుల్లో మనుషులు పొద్దస్తమానం ఏం చేస్తారన్నది నాకు అంతుపట్టేది కాదు.

ఇప్పుడు మదనపల్లెలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మొన్నటి ఎండాకాలం సెలవుల్లో బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆర్కిటెక్ట్‌నని చెప్పింది. అరమనలో పై అంతస్తు బాగుచేయిస్తున్నారట. గోడల మీద సున్నం పొరల కింద పాత బొమ్మలు బయటపడ్డాయి, వాటిని ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తుకోవడానికి గీత తెలిసిన మనిషి కావాలి. "ఏ అంతస్తు?" అని మాత్రం అడిగాను. "పైది మేడమ్, ఆడవాళ్ళ గదులు," అంది. మిగతా సంగతులేవీ అడక్కుండానే ఒప్పుకున్నాను.

మొదటిరోజు ఆర్కిటెక్ట్ అమ్మాయి వెనకే మేడ ఎక్కాను. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. పైన మందమైన తలుపు. నేను ముందు చూసింది గడియనే. అది బయటివైపు ఉంటుందని ఇన్నేళ్ళూ ఊహించుకున్నాను. లోపలివైపు ఉంది. తలుపు వేసుకున్నది లోపలివాళ్ళే. ఆ ఒక్క సంగతి దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను, ఆర్కిటెక్ట్ అమ్మాయి వెనక్కి వచ్చి, "ఏమైంది మేడమ్?" అనేదాకా.

లోపల పడకగదులు, రాగి బాన అమర్చిన స్నానాలగది, గోడలో చిన్న పూజగూడు, కింది వంటింటి నుంచి తాడుతో పళ్ళేలు లాక్కునే ఒక కంత. నేను ఆ కంతలో తల పెట్టి చూశాను. కింద పొయ్యి మసి ఇంకా కనిపిస్తోంది. గోడ అల్మారాలన్నీ నా నడుము ఎత్తులోనే ఉన్నాయి. నేలమీద కూర్చునే మనుషుల అందుబాటు అది. అన్నిటికీ మధ్య, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక పొడవాటి హాలు. రెండు వరసల చెక్కస్తంభాలు, ఆ చివర నేను బస్సులోంచి చూసిన కిటికీలు. లోపలినుంచి చూస్తే నేల మీద పచ్చగా, ఎర్రగా వెలుతురు పడుతోంది.

నా పని గోడలది. చిలకలూ తీగలూ వరసగా ఉన్న అంచు. కుప్పం నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ పైపొరలు గీకి ఇస్తే నేను ఎత్తుకునేదాన్ని. కానీ నా కళ్ళు మాటిమాటికీ నేల మీదికి పోయేవి. ఆ హాల్లో నేల ఎర్ర గచ్చు, అద్దంలా నున్నగా ఉంది. దాని మీద స్తంభాల చుట్టూ జంట గీతలు చాళ్ళలాగా దిగబడి ఉన్నాయి. రెండు గీతలకీ నడుమ వేలి వెడల్పు ఎడం. తిన్నగా పోయినంతసేపూ ఒకటే జత. మలుపు తిరిగేచోట రెండు జతలుగా విడిపోయి, మళ్ళీ కలిసిపోతాయి.

"ఇవి ఏందప్పా?" అని మేస్త్రీని అడిగాను.

"మంచాలు ఈడ్సింటారు టీచరమ్మా."

"మంచాన్ని స్తంభం సుట్టూ యాల ఈడుస్తారు?"

ఆయన కాసేపు చూసి, "అదీ నిజమే," అని మళ్ళీ గోడకి తిరిగాడు.

ఆర్కిటెక్ట్ అమ్మాయి పిల్లలు లాక్కునే బొమ్మబండి అంది. బండికి రెండుపక్కలా చక్రాలుంటాయి కదా, చాళ్ళు ఎడంగా పడాలి. ఇంటాయన, అంటే అరమన ఇప్పటి యజమాని, అరవై దాటిన మనిషి. వాళ్ళ నాయన గ్రామఫోన్ పెట్టుకునే బల్లకి చక్రాలుండేవని చెప్పాడు. "అది కిందనే ఉండె కదా, పైకెవురు తెచ్చిరో," అని తనే సందేహపడ్డాడు. తనకి ఊహ తెలిసేసరికి పై అంతస్తు తాళంలో ఉందట. ఆయనకు ఆ గీతలతో పెద్ద పట్టింపు లేదు. హాలుని అడ్డగోడలతో గదులుగా విడగొట్టి, వచ్చేపోయేవాళ్ళకి అద్దెకివ్వాలన్నది ఆయన ఆలోచన. గచ్చుని మిషన్‌తో అరగదీసి పాలిష్ పట్టడానికి మనుషులతో మాట్లాడి పెట్టుకున్నాడు కూడా.

మిషన్ వస్తుందని తెలిశాక నాకు ఉండబట్టలేదు. ఎవరూ చెప్పకపోయినా మధ్యాహ్నాలు అన్నం తిన్నాక నేల మీద కాగితం పరిచి ఆ చాళ్ళు ఎత్తుకోవడం మొదలుపెట్టాను. మోకాళ్ళు గచ్చుకి ఒరుసుకుపోయాయి. ఆర్కిటెక్ట్ అమ్మాయి వద్దనలేదు, కాగితాలకి టేపు అంటించి ఇచ్చేది. అన్నీ అయ్యాక కింద వసారాలో పరిచి ఒకదానికొకటి జతచేస్తున్నాను. అప్పుడే వాకిట్లో కారు ఆగింది.

యజమాని వాళ్ళమ్మ తిరుపతిలో కూతురి ఇంట్లో ఉండి కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చిన్న ఆకారం, నల్లద్దాలు. ఆమె ఉండేది ఆ ఇంట్లోనే, కింద వెనక గదిలో. మేడకి తాళం పడ్డాక పైకి పోయిందే లేదట, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు కూడా. కొడుకు చెయ్యి పట్టుకుని వసారాలోకి వచ్చి నా కాగితాల ముందు ఆగారు.

"ఇదేందమ్మా, ఏం గీస్తాండావు?"

"పైన హాల్లో గచ్చు మీదుండే గీతలమ్మా. దేనివో తెలీక గీసుకుంటాండా."

ఆమె నల్లద్దాలు తీసి వంగి చూశారు. చెప్పు విడిచి, కాలి బొటనవేలితో ఒక గీత వెంబడి మెల్లగా పోయి ఒకచోట ఆపారు. అక్కడ గీత తెగిపోయి ఉంటే, పక్కనున్న మరో గీతతో నేనే కలిపేశాను.

"ఈడ తప్పు గీసినావు."

"యాడమ్మా?"

"ఈడ మలుపు లేదు. ఈడ పడేది."

"ఏం పడేదమ్మా?"

"మేమే. సైకిలు మీదనుంచి."

కొడుకే ముందు తేరుకున్నాడు. "అమ్మా, నువ్వు సైకిలు తొక్కినావా?"

"తొక్కినా."

"నాకెప్పుడూ చెప్పలే."

"నువ్వెప్పుడడిగినావు నాయనా?"

ఆమెకి కుర్చీ వేశారు. కాఫీ వచ్చింది. అది తాగుతూ, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పుకొచ్చారు. ఆమె పదహారేళ్ళకి కోడలుగా వచ్చారు. అప్పటికే జమీందారీ పోయింది కానీ, ఆడవాళ్ళు బయటివాళ్ళ కంటపడకూడదన్న ఘోషా పోలేదు. పై అంతస్తులో ముగ్గురు: అత్తగారు, ఆమె, ఆమె యారాలు, అంటే పెద్ద తోటికోడలు. మరిది చదువుకి మద్రాసు పోతూ తన సైకిలు ఎవరూ ముట్టుకోకుండా మేడమీద పెట్టించి పోయాడు. దుప్పటి కప్పిన ఆ సైకిలుని ఇద్దరు కోడళ్ళూ కొన్నాళ్ళు చూస్తూ ఉన్నారు.

"ముందు యారాలే ఎక్కె. నేను పట్టుకుంటి. ఇద్దరమూ పడితిమి," అన్నారామె.

"చక్రం గీతలు అంత లోతుగా ఎట్ల పడ్డాయమ్మా? రబ్బరు కదా?" ఆగలేక అడిగాను.

"టైర్లు యాడివి? ఏడాదికే అరిగిపోయె. పంచరేసే వాణ్ణి మేడమీదికి రానిస్తారా? కిందికి పంపితే గుట్టు బయటపడుతాది. పీకి పారేసి ఉత్త రిమ్ము మీదనే తొక్కితిమి, నాకు వీడు పుట్టేదాకా."

జంట గీతలు రిమ్ము రెండంచులవి. మలుపులో విడిపోయినవి ముందుచక్రం, వెనకచక్రం. నా కాగితం నాకే కొత్తగా కనిపించింది.

"అంత సప్పుడు కింద మగోళ్ళకి వినపడలేదా?" అని మేస్త్రీ అడిగాడు. ఆయన ఎప్పుడొచ్చాడో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"వినపడకుండా ఎట్ల? మామగారు అడిగిరి. మా అత్తనే చెప్పె, కోడండ్లు రాగులు విసురుతాండారని."

"అత్తగారికి తెలుసా?" అంది ఆర్కిటెక్ట్ అమ్మాయి.

"ఒగనాడు తలుపు తీసుకుని వచ్చేసె. నేను బండి మీదుండా. దిగేదానికి కూడా రాలేదు నాకి, స్తంభం పట్టుకుని నిలబడితి. ఆమె ఉయ్యాలబల్ల మీద కూసోని కొంచేపు చూసె. కొంగు బిగించుకోండి, చక్రంలో పడుతాది అనె. అంతే, పడుకునేదానికి పొయ్యె." ఆమె నవ్వుకున్నారు. "రాగులని చెప్పినందుకు దినామూ రాగిసంగటి చేయించాల్సొచ్చె. అన్నం తప్ప ముట్టని మగోళ్ళు, పాపం, గమ్మున తినిరి."

నేను పరిచిన కాగితం మీద ఆమె ఊర్లు చూపించారు. మెట్ల దగ్గరి స్తంభం మదనపల్లె. నడిమిది పుంగనూరు. కిటికీల దగ్గర ఆ చివరిది కుప్పం. "కుప్పం పోయొస్తా అనేది యారాలు. నాకేమన్నా తెమ్మంటావా అని అడిగేది. నేను మల్లెపూలు చెప్తాంటి." అప్పటికి ఇద్దరిలో ఎవరూ కుప్పం చూడలేదు. తర్వాత చాలా ఏళ్ళకి ఈమె రైలెక్కడానికి అక్కడికి వెళ్ళారట. యారాలు అప్పటికే లేరు.

"ఎట్లుండె అమ్మా, కుప్పం?"

"బాగనే ఉండె. రైలు వచ్చేసె, ఏం చూస్తాం?"

ఆ సాయంత్రమే పైకి పోవాలన్నారు. కొడుకు వద్దన్నా వినలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మేస్త్రీ, ఆయన మనుషులు మెట్ల మలుపు దగ్గర కిందామీదా పడి ఎక్కించారు. నేను కష్టపడి ఎత్తుకున్న చిలకల్ని ఆమె చూడనైనా చూడలేదు. కర్ర ఆనించుకుని హాలు పొడుగునా నడిచి, కిటికీ గడియ తీయబోయారు. రాలేదు. మేస్త్రీ సుత్తితో తట్టి తీశాడు. గాలి కొట్టింది. ఎదురుగా రోడ్డు, దాని మీద టమోటా బుట్టల లారీ ఒకటి పోతోంది. ఆమె అది కనుమరుగయ్యేదాకా చూశారు.

ఆ చాళ్ళని అట్లాగే ఉంచమంటారని నేను అనుకున్నాను. ఆర్కిటెక్ట్ అమ్మాయి ఆశ కూడా అదే. పెద్దావిడ మాత్రం, "పూడ్చేయండి, కాళ్ళకి తగులుతాది," అన్నారు. నా ముఖం చిన్నబోయింది కాబోలు, నావైపు చూసి, "నువ్వు గీసుకున్నావు కదమ్మా," అన్నారు. తర్వాత నేల మీద సుద్దతో గీసిన అడ్డగోడల గుర్తులు కనపడ్డాయి. అవేమిటని కొడుకుని అడిగారు. ఆయన చెప్పాడు.

"గోడ పెడితే పుంగనూరు నుంచి కుప్పానికి ఎట్ల పోయేది?" అన్నారు. నవ్వుతూ అనలేదు.

కొడుకు పోయి మెట్ల మీద కూర్చున్నాడు. తల్లి తనకి తెలియని మనిషిగా కనిపించినట్టుంది. మర్నాడు ఆయన ఆర్కిటెక్ట్ అమ్మాయిని పిలిచి గోడలు వద్దన్నాడు, మిషన్‌నీ వద్దన్నాడు. చాళ్ళని మేస్త్రీ ఎర్రరంగు కలిపిన సున్నంతో పూడ్చాడు. పాత ఎరుపులో కొత్త ఎరుపు ఎంత కలిపినా కలవదట. కాళ్ళకి తగలదు కానీ, పక్కనుంచి వెలుతురు పడితే తెలుస్తుంది. వాళ్ళు పడేచోట నా కాగితం మీద నేను గీత చెరిపేశాను.

దసరా సెలవుల్లో మళ్ళీ పోయాను. పక్కగదుల్లో బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు దిగి ఉన్నారు. కిటికీలున్న ఆ పొడవాటి హాలుని మాత్రం అద్దెకివ్వలేదు. అందులో కంత పక్కనే ఆమె మంచం వేసి ఉంది. ఆరోజు పైకి పోయినావిడ మళ్ళీ కిందికి దిగనన్నారట. ఎక్కడమే కష్టం కానీ ఉండడం కష్టం కాదన్నారట. కింద ఆమె పాత గదిని బాగుచేసి అద్దెకిచ్చేశారు. పళ్ళేలు లాక్కునే కంత మళ్ళీ పనిలోకి వచ్చింది. తాడు మాత్రం కొత్తది, నైలాన్‌ది.

కూర్చోమని నాకు మంచం మీదే చోటిచ్చారు. చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను, ఎప్పుడైనా బయట, నిజం రోడ్డు మీద తొక్కారా అని.

"లేదమ్మా. దానికి బ్రేకులు లేవు," అన్నారామె, తాడు లాగి కాఫీ పళ్ళెం అందుకుంటూ.