దేవుని అర్ర తలుపు కోసం కొత్త రంపపు బల్ల

మా తమ్ముడు పరశురాం ముప్పై ఏళ్ళు హయత్‌నగర్ డిపోలో బస్సుల కింద పడుకుని నట్లు బిగించాడు. రిటైరయ్యాక కాస్త నడుం వాలుస్తాడనుకున్నాం. వాల్చలేదు. ఇబ్రహీంపట్నంలో భూముల ధరలు కొండెక్కిన ఆ రోజుల్లో అందరిలాగే అరెకరం అమ్మి కారు కొన్నాడు, దానికి షెడ్డు కట్టాడు. ఆరు నెలలు తిరక్కుండానే షెడ్డులోకి కర్రపని సామాను చేరింది, కారు బయటికొచ్చింది. నా చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది గానీ, కారును ఎండకు పెట్టి రంపాన్ని నీడన పెట్టేవాణ్ణి ఇంకెక్కడా చూడలేదు.

అది మాత్రం రంపమా? చేత్తో పట్టుకుని కోసే కరెంటు కట్టరును బోర్లించి చెక్కబల్ల కింద బిగించుకున్నాడు. దాంతో చేసిన పీట ఒకటి మా ఇంట్లో ఉంది. దాని మీద కూర్చున్నవాళ్ళు అన్నం తినేలోపు పక్కవాళ్ళ విస్తట్లోకి జారతారు.

నేను కొత్త ఇల్లు కట్టుకుంటుంటే, దేవుని అర్రకు తలుపు తానే చేస్తానన్నాడు. నా కొడుకు జగదీశ్వర్‌కు భయం పట్టుకుంది.

"మామా, గా పీట యాదికున్నదా? షాపుల తయారు తలుపులు దొరుకుతయ్. నీకెందుకింత తిప్పల?"

"శుక్రారం కదరా గృహప్రవేశం. బేస్తారం పొద్దుగూకే వరకు నా తలుపు నిలబడకుంటే షాపుదే తెచ్చుకోండ్రి."

నవ్వుతూనే అన్నాడు గానీ ముఖం ముడుచుకుంది. ముప్పై ఏళ్ళలో వాడి పనిని చూసింది బస్సుల కింది నేల ఒక్కటే. నలుగురి కళ్ళూ పడే పని ఒక్కటైనా తన చేత్తో చేయాలని వాడి ఆశ.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక సామిల్లు వాళ్ళు జాగాను ప్లాట్లు చేసి అమ్ముకుంటుంటే, అక్కడి ఇనుప రంపపు బల్ల తెచ్చుకున్నాడు. దానికి కొత్త మోటారు, చెయ్యి తగలకుండా బ్లేడు మీద మూత, కర్రను ఆనించి నెట్టడానికి పక్కన పొడుగాటి ఇనుప పట్టీ బిగించాడు. ఆ పట్టీ బ్లేడుకు సమానంగా నిలబడితేనే కోత తిన్నగా వస్తుందట.

కొత్త మిషను వస్తే ఊరికే ఉంటామా? నేనే పూనుకుని బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, పసుపు కొమ్ము కట్టిన దారాన్ని ఆ పట్టీ కొసకు కంకణంగా చుట్టాను. మోటారు వేసి కోశాడు. టేపు పెట్టి చూస్తే టేకు ముక్క ఒక కొసన వెడల్పు, ఇంకో కొసన సన్నం. రెండోదీ అంతే. బుధవారమంతా విప్పి బిగించాడు, బిగించి విప్పాడు. తలుపుకు సరిపడా టేకే మిగిలింది. ఇంకొకటి పాడైతే షాపు తలుపే గతి.

గురువారం పొద్దున నేను చాయ్ పట్టుకుపోయేసరికి బల్ల ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఏం తమ్మీ, దొరికిందా రోగం?"

"దొరికింది. చెప్తే తిడ్తవక్కా."

"తిట్ట. చెప్పు."

"పట్టీ కొస గీడ బల్ల అంచుకు ఆనాలె. నడుమ నీ దారం ఇరికింది. దారమంత మందం పట్టీ వంకర నిలబడ్డది."

"మరి విప్పకపోయినవా?"

"నువ్వు కట్టినవ్ కదా. నిన్న మాపటికే కనబడ్డది గని, చెయ్యి రాలె."

ఇంజన్ల పొట్ట చీల్చినవాడికి పసుపు దారం విప్పడానికి చెయ్యి రాలేదట! తప్పయిందని చెప్పడం నాకు చేతగాని విద్య. "నేను కడ్తుంటే నీ కండ్లు ఏడ వోయినయ్‌రా?" అని తిట్టి, నా చేత్తోనే విప్పాను. బల్ల కాలికి కట్టాను. అక్కడ దేనికీ అడ్డం కాదు కదా అని రెండుసార్లు అడిగి మరీ కట్టాను.

తర్వాతి పలక ఈ కొసా ఆ కొసా ఒక్కతీరుగా తెగింది. దీపాలు పెట్టే వేళకు తలుపు నిలబడింది. జగదీశ్వర్ సందుల్లో వేలు పెట్టి వెతికాడు. ఏమీ దొరక్క, ఊరికే నాలుగుసార్లు వేసి తీశాడు.

శుక్రవారం చుట్టాలందరూ వచ్చి దేవుడికి దండం పెట్టుకున్నారు. పరశురాం తలుపు పక్కనుంచి కదల్లేదు. ఎవరైనా అడుగుతారేమోనని వాడి ఎదురుచూపు. ఒక్కరూ అడగలేదు. ఇక లాభం లేదని నేనే పదిమందికీ వినబడేలా అడిగాను.

"ఏం పరశురాం, గీ తలుపు ఎవలు చేసిండ్రు?"

"నేనే అక్కా!" అన్నాడు, నాకేమీ తెలియదన్నట్టు.