మేనత్త వాకిట్లో నా పేరు

పోయిన ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే ఫోను టింగుమంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఏదో లింకు పంపి, దాని కింద వరసగా నోళ్లు తెరిచిన బొమ్మలు పెట్టింది. ఈ కాలం పిల్లలు పంపే లింకులు నేను మామూలుగా తెరవను, తెరిస్తే బ్యాంకులో ఉన్నది కాస్తా ఊడ్చుకుపోతారని మా ఆఫీసులో అందరూ భయపెట్టి ఉంచారు. కానీ ఆ బొమ్మల కింద, "మామా, ఇది నువ్వు చేసిందేనంట గదా! అమ్మ చెప్పింది" అని ఉండేసరికి కళ్లద్దాలు సవరించుకుని నొక్కాను. నల్లటి ఆకాశం, మిణుకుమిణుకుమనే చుక్కలు, వాటి మీద కుడి నుంచి ఎడమకు పాకుతూ పసుపుపచ్చ అక్షరాలు: మేనత్త వాకిలికి స్వాగతం. వేలితో కిందికి జరుపుకుంటూ పోతే అట్టడుగున 'రచన, నిర్వహణ' అనే మాటల పక్కన నా పేరు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడ చూడని ఆ పేరును చూసి, నిజం చెప్పాలంటే, ఫోను పక్కన పెట్టేసి, మళ్లీ తీసి చూశాను.

మన ఈడు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఊరికొక నెట్ సెంటరు వెలిసి, చెక్క గదుల్లో మోకాళ్లు తగులుకుంటూ కూర్చుని, ఒక్క ఫొటో తెర మీద పైనుంచి కిందికి దిగేలోపు టీ తాగి వచ్చే కాలం. అప్పుడు ఎవరో దయగలవాళ్లు ఊరికే కాస్త చోటు ఇచ్చేవాళ్లు, అందులో మనకు నచ్చిన హీరోకో, క్రికెట్ ఆటగాడికో, టీవీ సీరియల్‌కో మనమే ఒక సైటు కట్టుకోవచ్చు. ఎంతమంది వచ్చారో చెప్పే అంకెల డబ్బా, వచ్చినవాళ్లు నాలుగు మాటలు రాసిపోయే సందర్శకుల పుస్తకం, తెరవగానే కీచుమని మోగే పాట, ఇవన్నీ ఉంటేనే సైటు. ఇప్పటి పిల్లలు చూస్తే పండగ బజారులా ఉందని నవ్వుతారు, నవ్వనీ. అందులో ప్రతి చుక్కా మనం చేత్తో పెట్టుకున్నదే.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. మా ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే పద్ధతి: తెల్లారకముందే లేచి రాట్నం ముందు కూర్చుని, మగ్గంలోకి పోయే పట్టు దారం కండెలు చుట్టేది ఆడవాళ్లు, తెగిన పట్టు పోగులు ఒక్కొక్కటీ వెతికి ముడివేసేది ఆడవాళ్లు, చీర కోసి మడత పెట్టాక మాత్రం అది గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద కూర్చున్నవాడు నేసిన చీర. మా అక్క ఎనిమిదేళ్లప్పటి నుంచీ కండెలు చుట్టింది, అయినా ఫలానా చీర మా అక్క పని అని ఎవరూ అనగా నేను వినలేదు, అనాలని నాకూ తోచలేదు. అది తప్పని కూడా తెలియనంతగా అలవాటైన సంగతి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసిన పనికి సాకు కావాలి కనక.

అక్క పదో తరగతి వరకూ చదివింది. వ్యాసరచనలో ఆమెను మించినవాళ్లు బడిలో లేరు. పెనుకొండ సంబంధం కుదిరి, బస్టాండు దగ్గర చిన్న అంగడి ఉన్న మా బావను పెళ్లాడి వెళ్లిపోయింది. నాకు హిందూపురంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ధర్మవరంలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే నడుమ పెనుకొండ, ఆ తరవాత హిందూపురం. పెనుకొండలో బండి ఆగేది రెండు నిమిషాలే అయినా, అక్క చంటిపిల్లను చంకనేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండేది. కొండ వెనక నుంచి ఎండ అప్పుడే దిగుతుండేది. కిటికీ కమ్మీల నడుమ నుంచి ముందు చిత్రాన్నం డబ్బా, దాని వెనకే గుండ్రంగా చుట్టిన నోటుపుస్తకం లోపలికి వచ్చేవి. ఆ పుస్తకం కథే ఇది.

సైట్లు కట్టడం నేను హిందూపురం నెట్ సెంటరులో, అక్కడి యజమాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేర్చిన చెయ్యి ఊరుకోదు కదా, అందరిలాగే ఒక హీరో పేరున సైటు పెడదామనుకుని, ఒక ఆదివారం పెనుకొండ వెళ్లినప్పుడు అక్కతో గొప్పగా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే, "హీరోకు ఊరంతా ఉండారు కదబ్బా, మేనత్తకు ఎవురుండారు?" అంది.

మేనత్త అంటే ఆ రోజుల్లో మధ్యాహ్నంపూట వచ్చే ఒక సీరియల్‌లో మనిషి. అన్న ఇంట్లో ఉండిపోయిన పెళ్లికాని చెల్లెలు. నాయికలు ఏడ్చేటప్పుడు మంచినీళ్లు తెచ్చేదీ, విలన్లు పన్నాగం పన్నేటప్పుడు కాఫీ ఇచ్చేదీ ఆమే. రోజుకు రెండు మూడు మాటలుంటే గొప్ప. అలాంటి పాత్రకు సైటా అని నేను నవ్వాను. అక్క నవ్వలేదు, ఆ సాయంత్రమే నోటుపుస్తకంలో ఒక పేజీ రాసి నా సంచీలో పెట్టింది. రైల్లో తీసి చదివాను. ముందురోజు కథ నాలుగు ముక్కల్లో చెప్పేసి, తరవాత ఆ కథ జరుగుతున్నంతసేపూ వంటింట్లో ఉన్న మేనత్త ఏమనుకుని ఉంటుందో రాసింది. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది గరిటెతో గీకితే చప్పుడు బయటికి వినపడుతుందని ఆమె చేత్తో తీసుకుందట. సీరియల్‌లో అలాంటిదేమీ చూపించలేదు. చదివి నేను ధర్మవరం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అలా మొదలైంది మేనత్త వాకిలి. మధ్యాహ్నం సీరియల్ చూసి, పొద్దు వాలేలోపు అక్క రాసేది. మర్నాడు కిటికీలోంచి ఇచ్చేది. ఆఫీసు వదిలాక సాయంత్రం బండి వచ్చేదాకా నేను నెట్ సెంటరులో కూర్చుని దాన్ని తెలుగులో కొట్టి, మన అక్షరాలు వేరేవాళ్ల కంప్యూటర్లలో కనపడవు కనక పేజీ మొత్తాన్నీ బొమ్మగా మార్చి, పైకి ఎక్కించేవాణ్ణి. రెండు పుస్తకాలు పెట్టుకున్నాం, ఒకటి ఆమె దగ్గరుంటే ఒకటి నా దగ్గర. మొదటి రోజే అడుగున పేరు వేయాల్సి వస్తే నా పేరు కొట్టాను. కుట్ర ఏమీ లేదు. మగ్గం మీద కూర్చున్నది నేను కదా, అంతే.

నెల తిరిగేసరికి మస్కట్ నుంచి, దుబాయి నుంచి, ఎక్కడెక్కడో ఉన్న తెలుగు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. వాళ్లకు సీరియల్ చూసే వీలు లేదు, మా వాకిలే వాళ్లకు సీరియల్. సందర్శకుల పుస్తకంలో పేజీలు పేజీలు రాసేవాళ్లు. మొదట్లో అవన్నీ కాగితాల మీద అచ్చు తీసి, కిటికీలోంచి అక్కకు ఇచ్చేవాణ్ణి. ఆమె బండి కదిలాక కూడా అక్కడే నిలబడి చదువుకుంటూ, చంకలో పిల్ల కాగితం లాగుతుంటే ఇంకో చేతికి మార్చుకుంటూ ఉండేది. తరవాత్తరవాత ఉత్తరాలు వేరే రకంగా వచ్చాయి. సార్, మగవారై ఉండి కూడా ఆడవాళ్ల మనసు ఇంత లోతుగా ఎలా పట్టుకున్నారండీ అని ఒకామె, మీ ఇల్లాలు అదృష్టవంతురాలు అని ఇంకొకామె. అవి అచ్చు తీయలేదు. మిషన్లో సిరా అయిపోయిందని అక్కకు చెప్పాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాను. మూడోసారి ఆమె అడగలేదు.

ఇంతలో హిందూపురంలో కొత్త చీరల అంగడి తెరవడానికి మేనత్త వేషం వేసే నటి వస్తోందని తెలిసింది. ఆమెకు మా సైటు సంగతి ఎవరో చెప్పారట, అది కట్టింది ఈ ఊళ్లో పనిచేసే మనిషేనని తెలిసి, వేదిక మీదికి పిలవమన్నదట. మర్నాడు పెనుకొండలో కిటికీ దగ్గర చెబితే అక్క ముఖం వెలిగిపోయింది. బండి కూత వేసింది. కమ్మీ పట్టుకుని నాలుగడుగులు బండితోపాటే నడుస్తూ ఆమె అడిగింది, నా జన్మలో ఆమె తన కోసం నన్ను కోరింది అదొక్కటే: "ఒక్క మాట చెప్పబ్బా ఆయమ్మకు, రాసేది మా అక్క అని. నన్నేం పైకి పిలిపించొద్దు. ఒక్కమాట చాలు." చెబుతానన్నాను. చెప్పాలనే అనుకున్నాను కూడా.

ఆ రోజు అంగడి ముందు జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. ధర్మవరం నుంచి నాయన వచ్చాడు. అక్క పిల్లనెత్తుకుని బస్సులో వచ్చి, తన పెళ్లిచీర కట్టుకుని, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దగ్గర నిలబడింది. ఆ చీర నాయన నేసింది, దానికి కండెలు చుట్టింది ఆమే. నటి మైకు తీసుకుని, నా పాత్ర మనసు నాకంటే ఈయనకే ఎక్కువ తెలుసు అని, నా వైపు తిరిగి, అసలు ఎలా రాస్తారండీ ఇదంతా అని అడిగి మైకు నా చేతిలో పెట్టింది. చప్పట్లు. మా ఆఫీసు మేనేజరు ముందు వరసలో ఉన్నాడు. అక్క నాకు స్పష్టంగా కనపడుతోంది, ఆమె పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని అన్నాను: "చూస్తుంటే అలా వచ్చేస్తుంది మేడమ్."

శాలువా కప్పారు. కిందికి దిగాక నాయన ఆ శాలువాను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "మిల్లు గుడ్డప్పా ఇది" అని పెదవి విరిచాడు. అక్క కోసం వెతికితే, పిల్ల ఏడుస్తోందని బస్సుకు వెళ్లిపోయిందన్నారు.

మర్నాడు ఆమె ప్లాట్‌ఫారం మీదికి రాదనుకున్నాను. వచ్చింది. ఎప్పటిలాగే చిత్రాన్నం డబ్బా కమ్మీల నడుమ నుంచి ఇచ్చింది. నేను ఇంకా చెయ్యి చాచే ఉన్నాను.

"యాడక్కా పుస్తకం?"

"ఇంగ పుస్తకం యాలబ్బా, నువ్వే రాసుకో. చూస్తాంటే వచ్చేస్తాదంట గదా" అంది. కోపంగా అన్నా బాగుండేది. పిల్ల ముక్కు తుడుస్తూ, చాలా మామూలుగా అంది. రెండో పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, సగం తెల్లకాగితాలతో.

రాసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగానే కూర్చుని రాశాను. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీను టీవీలో సీరియల్ చూసి మేనత్త మనసు వెతికాను, నాకు అక్కడ కాఫీ తెచ్చే ఒక ఆడమనిషి తప్ప ఏమీ కనపడలేదు. మూడో రోజుకే మస్కట్ నుంచి ఒకామె, సార్ మీకు ఒంట్లో బాగాలేదా అని రాసింది. ఇంకొన్నాళ్లకు అదీ మానేశారు. అంకెల డబ్బా కదలడం ఆగింది, సీరియల్ ముగిసింది, ఊరికే చోటు ఇచ్చిన కంపెనీ కూడా దుకాణం మూసుకుంది, పీడా పోయిందనుకున్నాను. అక్క నాతో మాట్లాడటం మానలేదు, పండక్కి ఓళిగలు పంపడం మానలేదు, నా పెళ్లికి తనే ముందు నిలబడి అన్నీ చూసుకుంది. రాయడం ఒక్కటి మానేసింది. అంగడి సరుకుల చీటీ కూడా బావ చేతే రాయించేది. ఆమె నన్ను తిట్టి ఉంటే ఈపాటికి నేను మరచిపోయి ఉండేవాణ్ణి.

పోయిన ఆదివారానికి వస్తాను. మూతపడిన సైట్ల నకళ్లు దాచే చోటు ఎక్కడో ఉందట, అందులో దొరికిందట మేనకోడలికి. నేను చూస్తుండగానే ఇంకో మెసేజి వచ్చింది: రాత్రి నుంచి అన్నీ చదివేశాననీ, ఆ గిన్నె గీకే ముక్క దగ్గర ఏడ్చాననీ, "నువ్వు ఇంత బాగా రాస్తావని తెలియదు మామా, మా అమ్మకు సంతకం పెట్టాలన్నా బద్ధకం" అనీ. చంకలో కూర్చుని ఆ కాగితాలు లాగిన పిల్ల ఇది. రాసింది తనేనని తల్లి దానికి ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పుడు రాశాను, ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యంగా: అది నేను రాసింది కాదమ్మా, ప్రతి అక్షరం మీ అమ్మదే. ఆ వారం అది పెనుకొండలోనే ఉంది, పక్కనే ఉన్న తల్లికి చూపించినట్టుంది. కాసేపటికి నవ్వే బొమ్మలు వచ్చాయి. "అమ్మ పడీపడీ నవ్వుతాంది మామా. మీ మామ అంతేలే, శానా మంచోడు, తనదంతా ఇంగొకరికి ఇచ్చేస్తాడు అంటాంది. నేను ఉత్త కండెలు చుట్టినా, నేసింది మీ మామే అని చెప్పమంటాంది."

ఈ రోజుల్లో ఆడపిల్లలు తిన్న దోసె మీద కూడా తమ పేరు వేసుకుని లోకానికి చూపిస్తారని మన ఈడు వాళ్లం విసుక్కుంటాం. మా మేనకోడలు కూడా అంతే, అది రాసే రెండు ముక్కల కింద కూడా దాని పేరే ఉంటుంది, ఎవరినీ అడగదు. నేనిక విసుక్కోను. మేనత్త వాకిలి తాళం నా ఒక్కడి చేతిలో ఉన్నన్నాళ్లూ, అడుగున ఆ ఒక్క పేరు మార్చడానికి ఐదు నిమిషాల పని, సాయంత్రం బండి వచ్చేలోపు అయిపోయేది. ఇప్పుడున్నది నకలు. దాన్ని ఎంతమందైనా చదువుకోవచ్చట, దిద్దడానికి మాత్రం ఎవరికీ వీల్లేదట, నాకు కూడా.