నేను నీళ్ళు తాగడం మానేసిన వేసవి

వీధి కుళాయి నుంచి బకెట్టు మోసుకుని ఇంటికొచ్చాను. "కుడికాలి చెప్పు ఏదే?" అని మా ఆయన అడిగాడు. చూసుకుంటే లేదు. దారిలో జారిపోయింది, నాకు తెలియనే లేదు. పరధ్యానం అనుకుని నవ్వేశాను. మర్నాడు మంచం దిగబోతే కూలబడ్డాను. నడుం కిందంతా మొద్దుబారిపోయింది.

పెద్దాసుపత్రిలో ఎంఆర్‌ఐ తీసి ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అన్నారు. వెన్నుపాముకి వాపు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. "దీదీ, ఇక కాళ్ళ మీద ఆశ పెట్టుకోకండి. చేతుల్లో బలం పెంచుకోండి" అన్నాడు బెంగాలీ డాక్టరు. ఆ రోజంతా ఏడ్చాను. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాను.

బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్‌లో మాది రేవు కూలీల లైను, వరసగా ఒంటిగది ఇళ్ళు. అందరం శ్రీకాకుళం వైపు వాళ్ళమే. వానలకు నీళ్ళు నిలుస్తాయని, అందరికీ కలిపి ఉన్న మరుగుదొడ్లను ఎత్తు అరుగు మీద కట్టారు. మెట్లెక్కాలి. మా ఆయన పనిలోకెళ్ళాక, పక్కింటి అప్పారావు మరిదీ ఇంకొకరూ నన్ను కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టేవారు. "మేం ఉన్నాం గదేటి ఒదినా? ఒక్క కేకెయ్యి" అనేవాడు అప్పారావు. మంచి మనసే. కానీ లైనంతా చూస్తుండగా మగాళ్ళు మోసుకెళ్ళి తలుపు బయట నిలబడితే నాకు తల కొట్టేసినట్టుండేది. వంటా పడకా ఒక్క గదిలోనే కాబట్టి బెడ్‌పాన్ పెట్టుకోబుద్ధి కాలేదు. అందుకని ఎండాకాలంలో కూడా మా ఆయన వచ్చేదాకా నోరు తడుపుకుని ఊరుకునేదాన్ని.

చలిజ్వరంతో మళ్ళీ ఆసుపత్రిలో పడ్డాను. యూరిన్ ఇన్‌ఫెక్షన్, కిడ్నీ దాకా పాకింది, ఒకటి బాగా దెబ్బతిందన్నారు. "నీళ్ళెందుకు తాగరు?" అని డాక్టరు గట్టిగా అడిగితే, మా ఆయన ఎదుటే ఉన్నదంతా చెప్పేశాను.

ఇంటికి రాగానే లైను వాళ్ళు పలకరించడానికొచ్చారు. మెట్ల మీద వాలుదారి కట్టాలని మా ఆయన అన్నాడు. అప్పారావు నొచ్చుకున్నాడు. "మేం మొయ్యనేకపోతన్నామేటి? మా సాయం అంత బరువైపోనాదా ఒదినా?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు దొడ్డికెల్లాలంటే ఎవర్ని కేకేత్తావు మరిదీ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అతను తలొంచుకుని, "ఇటికలు నాను తెత్తాను" అన్నాడు.

మొదట కట్టిన వాలు మరీ నిటారుగా ఉండి కుర్చీ వెనక్కి దొర్లింది. రెండోసారి నన్ను ఎక్కించి చూసుకుంటూ పొడుగ్గా కట్టారు. తలుపు వెడల్పు చేశారు. లోపల పట్టుకోవడానికి ఇనుప గొట్టం, కూర్చోవడానికి నడిమిన కన్నం ఉన్న పీట అమర్చారు. నేనొక్కదాన్నే పైకెళ్ళి గడియ వేసుకున్నాను. సంతోషంతో కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయాను. "ఏటైనా కావాలా ఒదినా?" అని బయటి నుంచి మరిది అడిగాడు. "ఏటీ ఒద్దు, ఎల్లు" అన్నాను.

కాళ్ళు రాలేదు. చేతి మిషన్ మీద జాకెట్లు కుడుతున్నాను, దాహమేస్తే నీళ్ళు తాగుతున్నాను. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా ఇప్పుడు ఆ వాలు మీదే వస్తున్నారు. మీ ఇంట్లో ఎవరైనా కుర్చీకి పరిమితమైతే, ఎత్తబోయే ముందు ఒక్క మాట అడగండి, ఎక్కడికి ఒంటరిగా వెళ్ళాలనుంది అని. నన్ను అడిగేసరికి నా కిడ్నీ ఒకటి పోయింది.