ముందు కూర, ఆనక అన్నం

మా మేనత్త పోయింది. ఖిదిర్‌పూర్ నుంచి మావయ్య ఫోన్ చేసి, "మీ అత్త ఎల్లిపోనాదిరా. పొద్దున్న వండిన కాకరకాయ కూర అలగే ఉంది" అని ఏడ్చాడు.

అత్త పేరు పేపర్లో ఎన్నడూ పడలేదు. పడకపోతేనేం, మా మావయ్య కాలు నిలబెట్టిన మనిషి ఆవిడ!

మావయ్యది అక్కడి ఓడరేవు డాక్‌లో పని. షుగరుంది. పాదానికి తగిలిన దెబ్బ పుండై మానలేదు. మందులతోపాటు తిండీ మార్చకపోతే పాదం తీసేయాల్సి రావచ్చన్నాడు డాక్టరు. పాదం పోతే పనీ పోయినట్టే. సగం కంచం కూరలు, పావు చేపో పప్పో, మిగతా పావే అన్నం అని ఆయన చెప్పింది అత్త మనసులో పెట్టుకుంది.

మా ఇళ్లలో కంచంలో ముందు అన్నం కుప్పగా పడాలి. అత్త ఆ వరస తిప్పేసింది. ముందు కూర పెట్టేది, చేపముక్క వేసేది, అన్నం చివర్న.

"ఏటే ఇది? నానేటి మేకనా?" అని మావయ్య కంచం తోసేశాడు.

"మేకకి నాలుగు కాళ్లున్నాయి మావా. నీకు రెండే. తిను."

కింది వాటాలో ఉండే బెంగాలీ యూనియన్ దాదా మావయ్యకని సందేశ్ తెచ్చి, "బౌదీ, ఒక్కటే!" అని వదిన వరస కలిపి బతిమాలితే, "మీ ప్రేమ మా నెత్తి మీద దాదా, మిఠాయి మాత్రం మీరే తినండి" అనేది.

చర్చి ప్రేమవిందులోనూ గరిటె లాక్కుని ముందు కూరే వడ్డించింది. "అన్నం ఆఖర్నేటమ్మా, అపచారం!" అని పెద్దలు విసుక్కున్నారు. తర్వాత్తర్వాత షుగరున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి అత్త బంతిలోనే కూర్చునేవారు.

నెలలు పట్టింది గానీ పుండు మానింది. ఆ మేడేకి మావయ్య ఎర్రజెండా పట్టుకుని మైదానం దాకా నడిచాడు. రోడ్డు పక్కన, సెలవులకి వాళ్లింటికెళ్లిన నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ అత్త జెండా చూడలేదు, ఆ పాదం కేసే చూసింది. అంత గర్వం నేను ఏ ముఖంలోనూ చూడలేదు.

మొన్న సమాధుల తోటకి మావయ్యను వ్యాన్ ఎక్కమన్నాం. "ఈ కాలు అది నిలబెట్టిందిరా. నడిసే వత్తాను" అన్నాడు. పెట్టె వెనకే చివరిదాకా నడిచాడు.

ప్రార్థన అయ్యాక భోజనాలకి కూర్చున్నాం. వడ్డించేవాళ్లు అలవాటు కొద్దీ ముందు అన్నం బేసిన్ తెచ్చారు. మావయ్య తన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పక్కావిడా పెట్టింది. చూస్తుండగానే బంతి పొడుగునా కంచాల మీద చేతులే.

కూర వచ్చేదాకా ఒక్కరూ తియ్యలేదు.