కాకా నోట అందరూ తిరిగొచ్చేవారు

కాకా పోయిండని మంగళవారం పొద్దున బాపు చెప్పాడు. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. మంచిర్యాల సంబంధం తప్పిపోయినందుకు ఏడుస్తున్నానని కన్నతల్లి మా అవ్వే అనుకుంది. వదిన పక్కింటికి పోయి అదే మాట చెప్పి వచ్చింది. ఆ పిల్లగాడి మొహం కూడా నాకు గుర్తులేదు. కరీంనగర్‌లో బి.ఏ. చదివి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో నేను నవ్వితే పొగరు, ఊరకుంటే అలక, ఏడిస్తే పెళ్లి. నాలుగో అర్థం వాళ్ళకు తట్టదు.

కాకా మాకు చుట్టం కాదు. బెల్లంపల్లిలో అందరికీ కాకానే. బొగ్గు బాయి మీద దీపాల గదిలో ఆయన పని. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే దీపం ఇచ్చేవాడు, పైకి వచ్చాక తీసుకుని దాని కొక్కేనికే తగిలించేవాడు. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కెం ఖాళీగా ఉందో అందరికంటే ముందు చూసేది ఆయనే. కొన్ని ఇళ్ళకు ఆ కబురు మోసుకుపోయింది కూడా ఆయనే.

ఆదివారం మాత్రం ఆయన బాయి పనివాళ్ళ క్లబ్బులో ఉండేవాడు. నెలకోసారి పట్నం నుంచి రైల్లో బొమ్మ డబ్బా వచ్చేది. ఎక్కడెక్కడి దేశాల సినిమాలో. పగటిపూటే ఆట, కిటికీలకు నల్ల గొంగళ్ళు కట్టి చీకటి చేసేవారు. ముందు జంపఖానా మీద ఆడవాళ్ళం, వెనక బెంచీల మీద మగవాళ్ళు. మాటలు ఎవరికీ అర్థం కావు. బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, అవి చదవగలిగేవాళ్ళు తక్కువ. కాకా వాటిని కూడబలుక్కుంటూ శనివారమే ఒకసారి చూసుకునేవాడు. మర్నాడు తెర పక్కన గోడకు తల ఆనించి నిలబడి కథ చెప్పేవాడు.

"వీని పేరు మన నోరు తిరగది. రాజయ్య అనుకుందాం" అని మొదలుపెట్టేవాడు. తెర మీద ఇద్దరు ముద్దు పెట్టుకున్నారంటే కాకా నోట అప్పటికప్పుడే వాళ్ళ లగ్గం అయిపోయేది. పొద్దూకులూ రొట్టెలే తింటున్నారు, వీళ్ళకు బువ్వ దొరకదా అని ఒకామె అడిగితే, "ఆదిలాబాద్ దిక్కు పోయి చూడు, గాడ గూడ జొన్నరొట్టెనే" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

సెలవులకు వచ్చినప్పుడల్లా నేను కింద అక్షరాలు చదువుతూ చూసేదాన్ని. ఆయన చెప్పేది ఒకటి, అక్కడ రాసింది ఒకటి. కొన్నాళ్ళకు సంగతి పట్టుకున్నాను. కాకా కథల్లో ఎవరూ చచ్చిపోరు. యుద్ధానికి పోయినవాడు కాలు విరిగి దవాఖానలో ఉంటాడు. కొండల్లో తప్పిపోయినవాడికి గొర్రెల కాపరి దొరుకుతాడు. నాకది మోసంగా కనబడింది. చదువురాని వాళ్ళ ముందు ఇష్టమొచ్చినట్టు చెప్తున్నాడనుకున్నాను.

చదువు అయిపోయి నేను తిరిగొచ్చిన ఏడాది వేసిన బొమ్మ సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళది. తుఫానులో పడవలు పోయాయి, ఒకటి తిరిగి రాలేదు. ఒడ్డున ఒకామె నల్లబట్టల్లో నిలబడింది. "పడవ గాలికి కొట్టుకపోయి ఇంకో ఒడ్డుకు వడ్డది. నాలుగొద్దులల్ల వస్తడు" అన్నాడు కాకా.

నేను జంపఖానా మీద నుంచి లేచాను.

"తప్పు చెప్తున్నవు కాకా. మునిగి సచ్చిండని రాసున్నది."

కాకా అక్షరాల వైపు ఒకసారి చూశాడు. "సదువుకున్న బిడ్డవు. నువ్వు చెప్పిందే నిజం" అని పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మిగతా బొమ్మంతా మాట లేకుండా నడిచింది.

ఆట అయ్యాక బయట, మా క్వార్టర్ల లైన్లో చివరింటి పెద్దవ్వ చెప్పులు వెతుక్కుంటోంది. ఆమె పెనిమిటి దీపం ఒకనాడు కొక్కేనికి రాలేదు. నా వైపు చూడకుండానే అంది: "సచ్చిండని మాకు తెల్వదా బిడ్డా? గా పిల్ల మొగం చూస్తె తెలుస్తలేదా? వస్తడని కాకా నోట ఇందామనే ఇంత దూరం నడిసొస్తం."

తప్పయిందని చెప్దామని మర్నాడు దీపాల గదికి పోయాను. కాకా దీపాల అద్దాలు తుడుస్తున్నాడు. ఆయనే ముందు అన్నాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నువ్వు తప్పేం అన్లే. గీ గదిల అబద్ధం ఆడరాదు. ఎవని దీపం రాలేదో రాలేదనే చెప్పాలె. ఆడ క్లబ్బుల జర ఆడుకున్న, అంతే."

మళ్ళీ ఆయన తెర దగ్గర నిలబడలేదు. ఎంతమంది అడిగినా నవ్వి ఊరుకున్నాడు. తర్వాతి మూడు బొమ్మలకు కథ నేను చెప్పాను. ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. మొదటిసారి హాలు నిండింది. రెండోసారి జంపఖానా సగం ఖాళీ. మూడోసారి పెద్దవ్వ రాలేదు, మా లైనులోంచి ఇంకెవరూ రాలేదు. చలికాలం మొదట్లో కాకాకు ఊపిరాడని దమ్ము రోగం ఎక్కువైంది. పోయి చూద్దామని రోజూ అనుకున్నాను. మంగళవారం బాపు కబురు తెచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

నిన్న క్లబ్బు సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. డబ్బా స్టేషనుకు చేరిందట, కాకా యాదిలో ఈ ఆదివారం బొమ్మ వేస్తారట, కథ నేనే చెప్పాలట. బాపు సంబరపడ్డాడు, నలుగురిలో పేరొస్తుందని ఆయన ఆశ. నేను పలకకపోయేసరికి సంబంధం తప్పిన అలకని అవ్వ అంది. మళ్ళీ అదే.

సాయంత్రం క్లబ్బుకు పోయాను. తలుపు తీసే ఉంది. తెర చుట్టి కట్టేశారు. దాని పక్కన గోడ మీద, మనిషి తల ఎత్తున, అరచేయంత నూనె మరక. అన్నేళ్ళు ఆయన తల ఆనిన చోటు. నేను అక్కడ నిలబడి చూశాను. మరక నా నెత్తికి జానెడు పైన ఉంది. ఆయన్ను తప్పు పట్టిన నోటితో నేను అక్కడి నుంచి అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఎవరూ రారు.

సెక్రటరీకి చీటీ రాసి పంపాను. ఆదివారం నేను కథ చెప్పను. ఇక ఎప్పుడూ చెప్పను.